కార్డు చదివాక కారు ముట్టుకోకూడదు

వెనక కెమెరా తెర మీద దూడ బుద్ధిగా వస్తోంది. ఇల్లంతా లోపలే ఉన్న ముప్పై ఎనిమిది అడుగుల మోటార్‌హోమ్ వెనక, రెండు ఇనప చేతులకి కట్టుబడి, నాలుగు చక్రాలూ నేల మీదే దొర్లిస్తూ, లోపల నరమానవుడు లేకుండా, తల్లి ఎటు తిరిగితే అటు తిరుగుతూ వస్తోంది. ఆ కారుకి దూడ అని పేరు పెట్టింది కొరీనే, ఎనిమిదేళ్ళ కిందట మొదటిసారి తగిలించిన రోజున. నెబ్రాస్కాలో పశువుల మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఇంకేమంటుంది. డెల్మర్ హాస్కిన్స్ రోడ్డు చూస్తున్నాడు, తెర చూస్తున్నాడు, మళ్ళీ రోడ్డు చూస్తున్నాడు, పక్క సీటు వైపు మాత్రం చూడటం లేదు. అక్కడ అతని భార్య కొరీన్ ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని పెదాలు కదుపుతోంది. "వంద. తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్భై తొమ్మిది. డెబ్భై రెండు." వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మంటారట అక్కడ. తేదీ అడుగుతారట, గడియారం బొమ్మ వేయమంటారట, ఐదు మాటలు చెప్పి కాసేపాగి మళ్ళీ చెప్పమంటారట. ఫీనిక్స్‌లో మధ్యాహ్నం రెండింటికి, మతిమరుపు డాక్టరు దగ్గర. ఊరి అంచున ఇలాంటి బళ్ళు ఆగే పార్కులో ఇంటిబండి నిలిపి, దూడని విప్పి, దాంట్లో వెళ్ళాలి. ఇంకో గంటలో ఊరి అంచు వచ్చేస్తుంది. ఆ గంట లోపల చెప్పాలి. క్వార్ట్‌జ్‌సైట్‌లో బయల్దేరేటప్పుడు, చెప్పడానికి రెండు గంటలుందిలే అనుకున్నాడు.

"డెబ్భై రెండు. అరవై... అరవై..." కొరీన్ ఆగిపోయింది. అరవై ఐదు, అని డెల్మర్ నాలుక చివర ఉంది, అందించాలా వద్దా, అందిస్తే మోసం చేసినట్టు, అందించకపోతే చేసిన మోసం చాలక ఇంకొకటి. ఆమె కిటికీలోంచి చూస్తోంది, ఎర్ర మట్టి, ముళ్ళపొదలు, చేతులు పైకెత్తి నిలబడ్డ సగ్వారో జెముడు చెట్లు, మైలురాయి, మళ్ళీ మైలురాయి. ఈ మనిషి ఇరవై ఎనిమిదేళ్ళు బడిలో వంటగది నడిపింది. రోజుకి నాలుగు వందల కంచాలు. ఏ పిల్లకి వేరుశెనగ పడదో, ఏ పిల్లాడు పాలు తాగితే వాంతి చేసుకుంటాడో, ఎవరింట్లో పొద్దున్న తిండి ఉండదో, కాగితం చూడకుండా చెప్పేది. వాళ్ళు ఉండే పార్కులో పేకాటకి కూచుంటే పడిన ముక్కలన్నీ ఆమె తలలోనే ఉండేవి, పక్క బండి ఆర్లో ముక్క ఎత్తకముందే "ఆ రాణి నీ దగ్గరే ఉంది, దాచినంత మాత్రాన కోడిపెట్టై గుడ్డు పెట్టదు, వేసెయ్" అనేది. పదమూడు నెలలుగా పేకాటకి వెళ్ళడం లేదు. కారు నడపడం మానేసింది. పొయ్యి దగ్గర పసుపు చీటీ, తలుపు దగ్గర పసుపు చీటీ, అద్దం మీద మాత్రలవి రెండు పసుపు చీటీలు. ఆ అద్దంలో గడ్డం గీసుకుంటూ డెల్మర్ రోజూ ఆ చీటీల మధ్య తన మొహం చూసుకున్నాడు, చూసుకుని కూడా ఏమీ అనలేదు, గీసుకోవడం అయ్యాక సబ్బునురగ తుడిచేసుకున్నాడు.

కొరీన్ వాళ్ళమ్మ మతిమరుపుతోనే పోయింది. ఆఖరి రెండేళ్ళూ కొరీన్‌ని నర్సమ్మా అని పిలిచేది. ఓసారి మరీ మర్యాదగా, "మీకు పిల్లలున్నారా నర్సమ్మా, నాకో కూతురుంది, వస్తుంది లెండి" అందిట. కొరీన్ బయటికొచ్చి ఆస్పత్రి బయట ఈ డెల్మర్ భుజం మీదే ఏడ్చింది, నేను అలా అయ్యేలోపు నన్ను చంపేస్తావా అంది, నవ్వుతూనే అంది, ముక్కు చీదుకుంటూ. అది అతనికి తెలుసు. అన్నీ తెలిసిన మనిషి. ఆమె దేనికి భయపడుతుందో భూమ్మీద ఒక్క మనిషికి తెలిస్తే ఆ మనిషి తనే. తెలిసి కూడా నోరు మూసుకున్నాడు. తెలియక చేసినవాడికైతే ఏదో ఒక క్షమాపణ దొరుకుతుంది.

అసలు ఆ కార్డు, కారు తగిలించేటప్పుడు చూసుకునే జాబితా, రాయించింది తనే. రైల్వేలో ముప్పై ఒక్క ఏళ్ళు బ్రేకుల తనిఖీ చేసిన చేయి, కాగితం మీద గీత పడందే బండి కదలనివ్వని మనిషి. కొరీన్ గుండ్రటి అక్షరాలతో పదకొండు అంశాలు రాసి, పైన ప్లాస్టిక్ పొర వేయించింది. ఆమె చదవాలి, అతను చేసి బదులు చెప్పాలి. ఒక్క ఆరో నంబరు మాత్రం ఆమెది, ఎందుకంటే దానికి పెన్ను కావాలి, పెన్ను ఆమె మెళ్ళో తాడుకి వేలాడుతూ ఉండేది. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే కారది. దాన్ని చక్రాల మీద లాక్కుపోవాలంటే చక్రాల్నీ ఇంజన్నీ విడదీసేయాలి. దానికో చిన్న బటను, వేలు పట్టని గుంటలో ఉంటుంది, పెన్ను మొనతో నాలుగు సెకన్లు నొక్కితే దీపం వెలుగుతుంది. దీపం వెలిగితే వెయ్యి మైళ్ళయినా లాక్కుపో. వెలక్కపోతే గేర్లు లోపల నూనె అందక తిరిగి తిరిగి మాడి చస్తాయి, ముందున్న ఇంటిబండికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అందుకే పదకొండో అంశం, పెద్ద అక్షరాలతో, కింద గీతతో: కార్డు చదివాక కారు ముట్టుకోకూడదు. శనివారం పొద్దున్న పార్కు హాల్లో కొత్తవాళ్ళకి డెల్మర్ పాఠం చెప్పేది కూడా ఇదే. కుర్చీల్లో పాతికమంది, బోర్డు మీద కారు బొమ్మ, చివర్లో వేలెత్తి, "చదివాక ఏం చేయకూడదు?" అంటే అంతా బడిపిల్లల్లా ఒక్క గొంతుతో చెప్పాలి. ఎదుటివాళ్ళకి చెప్పేటందుకే నీతులున్నాయని ఊరికే అన్నారా.

నిరుడు ఫిబ్రవరిలో, బుధవారం. ఏ వారమో కూడా మర్చిపోలేదు చూడు, మర్చిపోవలసినవాడు. కార్డు చదవడం అయింది. బటను నొక్కింది కొరీన్, దీపం చూసింది, గట్టిగా చెప్పింది. ఇరవై అడుగులు ముందుకి లాగి చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూడటమూ అయింది. ఆమె లోపలికెళ్ళి గిన్నెలు సర్దుకుంటోంది. అప్పుడు కనబడింది అతనికి, ఎడమ ఇనప చేయి పూర్తిగా బిగుసుకోలేదు. కారు జానెడు వెనక్కి జరిపితే టక్కున పడుతుంది. జానెడు. ఆమెని పిలిచి మళ్ళీ కార్డు మొదట్నుంచీ చదివించాలి, అదే నియమం, ఆ నియమం పెట్టిన పెద్దమనిషి తనే. పిలవలేదు. కార్లోకి ఎక్కాడు, జేబుకత్తి మొనతో బటను నొక్కి దీపం ఆర్పాడు, ఇంజను వేశాడు, జానెడు జరిపాడు, టక్కున పడింది, గేరు మధ్యలో పెట్టి ఇంజను ఆపాడు, మళ్ళీ కత్తి మొన బటను మీద పెట్టబోతుంటే కిటికీ మీద టకటకమని ఆర్లో, రెండు చేతుల్లో రెండు కాఫీలతో. "గురువుగారూ, వెళ్ళేముందు ఒక్క అనుమానం. నా కారు కూడా ఇట్లా లాగొచ్చా?" గురువుగారు కిందికి దిగారు. కాఫీ పుచ్చుకున్నారు. ఆ కారు బానెట్‌కే ఆనుకుని పదిహేను నిమిషాలు పాఠం చెప్పారు, దీపం గురించి, నాలుగు సెకన్ల గురించి, చదివాక ముట్టుకోకపోవడం గురించి. చెప్పి చెప్పి, ఆర్లో చేయి ఊపి, వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుని బయల్దేరారు.

నూట నలభై మైళ్ళు. పక్కనుంచి పోతున్న లారీవాడు హారన్ కొట్టి వెనక్కి చూపించేదాకా తెలియలేదు. తెర మీద దూడ వెనక పొగ. ఇప్పటికీ తెర మీద కొంచెం దుమ్ము లేస్తే చాలు, కాలు బ్రేకు మీదికి పోతుంది. రోడ్డు పక్క ఆపి పరిగెత్తి తలుపు తీసింది తనే ముందు. దీపం లేదు. చూసిన క్షణంలోనే మొత్తం గుర్తొచ్చింది, జేబుకత్తి, కాఫీ, జానెడు, అన్నీ. వెనకాలే ఆమె వచ్చింది, రొప్పుకుంటూ, మెళ్ళో పెన్ను ఊగుతూ, తొంగిచూసి, "నొక్కాను డెల్. నొక్కాను కదూ?" అంది. అప్పుడు అతనన్న మాట ఇదీ: "నొక్కానన్నావుగా." అంతే. అబద్ధం కాదది. ఒక్క అక్షరం అబద్ధం లేదు. కోర్టులో నిలబెట్టి ప్రమాణం చేయించినా నిలుస్తుంది. రాత్రిళ్ళు మెలకువ వచ్చినప్పుడల్లా దాన్నే అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకున్నాడు, అబద్ధమైనా ఇంతకంటే నయమనిపించింది.

బండి లాక్కెళ్ళడానికి వచ్చిన మెకానిక్ వేడి నూనె వాసన చూసి తల అడ్డంగా ఊపాడు, "ఎవరో బటను మర్చిపోయారు" అన్నాడు, చెమ్మగిల్లిన కళ్ళతో కార్డు పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి వంకే చూస్తూ. డెల్మర్ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. సాయంత్రం చెబుదామనుకున్నాడు, కోపం చల్లారాక, ఎవరి కోపమో. సాయంత్రం ఆమె కార్డు తెచ్చి అతని ముందు పెట్టింది. మెళ్ళోంచి పెన్ను తాడు తీసి దాని మీద పెట్టింది. "ఇక మీద నువ్వే చదువుకో, నువ్వే నొక్కుకో. నా మీద నాకే నమ్మకం పోయింది" అంది. అతను చేయి చాపి తీసుకున్నాడు. ఆ చేయి ఎందుకు చాపాడు. పదమూడు నెలల్లో చేసిన పాపాలన్నిటిలోకీ ఆ చేయి చాపడమే అతనికి మాటిమాటికీ కనబడుతుంది, గోళ్ళ కింద గ్రీజుతో సహా.

కాదు, అంతకంటే పెద్దది ఇంకొకటుంది. మరమ్మతయి పార్కుకి తిరిగొచ్చాక వచ్చిన శనివారం. గేరుబాక్సు మొత్తం మార్చారనే సంగతి పార్కంతా తెలిసిపోయింది. పాఠం మధ్యలో ఆర్లో లేచి, "డెల్మర్, ఇక మీద రెండు కార్డులు రాయించు. రెండోది, మొదటిది ఎక్కడ పెట్టారో మీ ఆవిడకి గుర్తు చేయడానికి" అన్నాడు. హాలంతా నవ్వింది. చెడ్డవాడు కాదు ఆర్లో, ఆమెంటే ప్రాణం, పేకాటలో ఓడిపోయిన కసి కొంచెం. డెల్మర్ నవ్వాడు. అందరికంటే ముందు కాదు, అందరికంటే గట్టిగా కూడా కాదు, కానీ నవ్వాడు. వెనక బల్ల దగ్గర కాఫీ పోస్తున్న కొరీన్ కూడా నవ్వింది, పోస్తున్న కప్పు పొంగి బల్ల మీదికి కారింది, "చూశారా, ఇది కూడా మర్చిపోయా" అంది. మళ్ళీ నవ్వు. ఆ రోజునుంచే పసుపు చీటీలు.

ఇప్పుడు నిజంగానే మర్చిపోతోందేమో. అది డెల్మర్‌కి తేలడం లేదు. క్రిస్మస్‌కి నీళ్ళ కెటిల్ మాడ్చింది, కానీ తనూ నిరుడు గ్యాసు ఆపకుండా బయల్దేరాడు, ఎవరూ చీటీ అంటించలేదు. మనవరాలి పేరు కోసం ఓసారి తడుముకుంది. ఆ తడుముకోవడం వయసుదో, జబ్బుదో, లేకపోతే ఎప్పుడు తప్పు పడుతుందా అని క్షణక్షణం తన తలని తనే కాపలా కాస్తున్న మనిషికి వచ్చే తడబాటో. మనిషి మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగితేనే కాలు జారుతుంది. పోయిన వారం కొరీన్ చాలా మామూలుగా, ఉల్లిపాయ తరుగుతూ, "పరీక్షలో తప్పితే బండి అమ్మేద్దాం డెల్. నా సంతకం నాకు గుర్తుండగానే పెట్టేస్తాను. నన్ను ఎక్కడైనా చేర్చు, వారానికోసారి వచ్చి చూడు, నర్సమ్మా అని పిలవకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను" అంది. ఉల్లిపాయకే కళ్ళు తుడుచుకుంది. అప్పుడైనా చెప్పాలా. గరిటెతో పొయ్యి మీది సూపు రుచి చూశాడు. ఉప్పు చాల్లేదు అన్నాడు, ఆ మహానుభావుడు, ఉప్పు చాల్లేదన్నాడు.

"అరవై ఐదు," అంది కొరీన్ ఉన్నట్టుండి, కిటికీ వైపే చూస్తూ. "అరవై ఐదే కదూ?"

రెస్ట్ ఏరియా రెండు మైళ్ళు అని బోర్డు. ఏడేసి తీస్తూ ఆమె, లెక్క సరేనా అని బడిపిల్ల పెద్దవాళ్ళని అడిగినట్టు తనని అడుగుతోంది. తనని. డెల్మర్ సిగ్నల్ వేశాడు.

"ఎందుకు ఆపుతున్నావు? బాత్రూమ్ వెనకే ఉందిగా, ఇల్లు మోసుకు తిరుగుతూ."

"దూడని చూడాలి."

అది మామూలే. ఆగిన ప్రతిచోటా దిగి, పిన్నులు చూసి, చక్రాల మీద అరచేయి పెట్టి వేడి చూడాలి. పదమూడు నెలలుగా ఒక్కడే దిగి చూస్తున్నాడు. లారీల పక్కన పొడుగ్గా నిలిపి, ఇంజను ఆపి, నెత్తి మీది అరలోంచి కార్డు తీసి ఆమె ముందు పెట్టాడు. "నువ్వు చదువు."

"నేనెందుకు?"

"కళ్ళజోడు కనబడటం లేదు."

"నీ నెత్తి మీదుంది."

"అయినా చదువు."

ఆమె అతన్ని ఒక క్షణం చూసింది. దిగింది. ఎండ అప్పుడే గట్టిగా ఉంది, పక్క బల్ల దగ్గర ఎవరో కుక్కకి నీళ్ళు పడుతున్నారు. కార్డు రెండు చేతులా పట్టుకుని, బడి వంటగదిలో పిల్లల పేర్లు పిలిచే గొంతు ఎక్కడో దాచినట్టుంది, అది కొంచెం కొంచెంగా బయటికి తీస్తూ చదివింది. "ఒకటి, పిన్నులు." రెండూ ఉన్నాయి. "రెండు, గొలుసులు." తగిలించే ఉన్నాయి. "మూడు, లైట్ల వైరు." ఉంది. "నాలుగు, బ్రేకు తాడు." ఉంది. "ఐదు, చేతి బ్రేకు." దించి ఉంది. డెల్మర్ కారు తలుపు తెరిచి నిలబడ్డాడు.

"ఆరు, బటను."

"వెలుగుతోంది," అన్నాడు. "ఇవాళ నేను నొక్కాను. ఆ రోజు నువ్వు నొక్కావు కొరీన్. నువ్వు మర్చిపోలేదు. చదవడం అయిపోయాక నేను కారెక్కాను, బటను తీసేశాను, జానెడు జరిపాను, మళ్ళీ నొక్కలేదు. తలుపు తీయగానే తెలిసింది నాకు. అప్పట్నుంచీ తెలుసు."

ఆమె కార్డులోంచి తలెత్తలేదు. కుక్క నీళ్ళు తాగే చప్పుడు వినబడుతోంది. ఏడుస్తుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు.

"ఆర్లో కాఫీ తెచ్చినప్పుడు," అంది చివరికి.

"అవును."

"నీలం కప్పులు. ఒకదానికి పిడి విరిగింది. నాకు తేలేదేమిటా అనుకున్నాను గిన్నెలు సర్దుకుంటూ. కిటికీలోంచి చూశాను, నువ్వు బానెట్‌కి ఆనుకుని చేతులు తిప్పుతున్నావు." ఆగింది. "అన్నీ గుర్తున్నాయి నాకు."

"ఉన్నాయి."

"పదమూడు నెలలు."

ఆమె మళ్ళీ కార్డు వైపు చూసి, "ఏడు, టైర్లు" అంది. అతను వంగి ఒక్కొక్క చక్రం మీదా అరచేయి పెట్టాడు. వెచ్చగా ఉన్నాయి, ఉండవలసినంతే. ఎనిమిది, తొమ్మిది, పది, ఆమె చదువుతూనే ఉంది. "పదకొండు. కార్డు చదివాక కారు ముట్టుకోకూడదు. ఇది ఎవరు రాయమన్నారు?"

"నేనే."

"కింద గీత?"

"నేనే కొట్టమన్నాను."

ఆమె చేయి చాపింది. "తాళం ఇవ్వు. నేను ముందుకి లాగుతాను, నువ్వు నిలబడి చక్రాలు చూడు." పదమూడు నెలలుగా స్టీరింగు ముట్టని మనిషి. అతను ఇచ్చాడు. పక్కకి జరిగి నిలబడ్డాడు. ఇంజను లేచింది, ఇంటిబండి మెల్లగా కదిలింది, వెనకాలే దూడ, నాలుగు చక్రాలూ ఒక్కలాగే తిరిగాయి. ఇరవై అడుగులు. చాలని చేయి ఎత్తాడు. బండి ఆగలేదు. నలభై. అరవై. లారీలు దాటింది, చివరి చెత్తడబ్బా దాటింది, రోడ్డెక్కే మలుపు దాకా పోయింది. డెల్మర్ ఎత్తిన చేయి దించడం మర్చిపోయి నిలబడ్డాడు. వెళ్ళిపోనీ, అనుకున్నాడు, న్యాయమే. మలుపు దగ్గర ఎర్ర దీపాలు వెలిగాయి, బండి ఆగింది. అతను నడిచాడు. ఎండలో, దూడ వెనక, ఆ దూరమంతా. ఆ తెర మీద ఇప్పుడు కారు పైనుంచి చిన్నగా తను కనబడుతూ ఉంటాడు. ఆమె చూస్తోందో లేదో తెలియదు.

తలుపుకి లోపల గొళ్ళెం పడి ఉంది. కిటికీ కొంచెం తెరిచి ఉంది. లోపల్నుంచి గొంతు, నాలుగు వందల కంచాలకీ వినబడే గొంతు: "డెబ్భై రెండు. అరవై ఐదు. యాభై ఎనిమిది. యాభై ఒకటి. నలభై నాలుగు. ముప్పై ఏడు. ముప్పై. ఇరవై మూడు. పదహారు. తొమ్మిది. రెండు." తర్వాత గొళ్ళెం తీసిన చప్పుడు. అతను ఎక్కాడు. స్టీరింగు ముందునుంచి ఆమె లేవలేదు. అతను పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. ఆమె కార్డు తీసి అతని ఒళ్ళో పడేసింది.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం, ఏమడిగినా చెప్పొస్తాను," అంది రోడ్డు చూస్తూ. మొహం తడిసి ఉంది, తుడుచుకోలేదు. "శనివారం నీ క్లాసులో కార్డు నువ్వే చదువు. ఆరో నంబరు దగ్గర ఆగి, నాకు చెప్పినట్టే వాళ్ళకీ చెప్పు. నేను వెనక కాఫీ పోస్తూ వింటాను."